రంది ఎవరితో చెప్పుకోవాలె?

తెలుగులో ‘కౌన్సెలింగ్’ అనే మాటకు ఇప్పటికి రెండర్థాలు బాగా స్థిరపడ్డాయి. ఒకటి ఇంజనీరింగ్ సీట్ల పంపకం. రెండోది, కొట్లాడుకున్న మొగుడూపెళ్లాలనో తాగి బండి నడిపినవాణ్నో పోలీసులు స్టేషన్లో కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి పంపడం. మర్నాడు పేపర్లో ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అని పడుతుంది. రెండు చోట్లా మాట్లాడేది అవతలివాళ్లు, తల ఊపేది మనం. దిగులు జబ్బుకు మాటలతో చేసే వైద్యంలో ఈ వరస తిరగబడుతుంది. ఆ వైద్యాల్లో ఒకటైన ‘ఇంటర్ పర్సనల్ థెరపీ’ మనిషికీ మనిషికీ నడుమ ఏం జరిగిందన్నదాన్నే పట్టుకొని నడుస్తుంది. యాభై ఏళ్లలో దాని గురించి ఏం తేలింది, అది తెలంగాణలో గద్వాల దగ్గరి అయిజ లాంటి చోటికి ఎంతవరకు సరిపోతుంది అన్నదే ఈ సమీక్ష. డాక్టర్లు దాన్ని పొడి అక్షరాల్లో ఐపీటీ అంటారు. నేనూ అదే వాడతాను.

కృష్ణా తుంగభద్రల నడుమ నేల కాబట్టి ఈ ప్రాంతం నడిగడ్డ. ఇక్కడ ‘డిప్రెషన్’ అనే మాట చదువుకున్నవాళ్ల ఇళ్లలోనే వినిపిస్తుంది. మిగతావాళ్లకు ఉన్నవి రంది, మనాది. నా చెవికి ఈ రెండూ ఒకటి కావు. రందికి ముందు ఎప్పుడూ ఒక కారణం అతుక్కొని ఉంటుంది: బిడ్డ పెండ్లి రంది, అప్పు రంది, నీళ్ల రంది. ఆ రంది ఒంట్లో దిగబడి కూర్చున్నాక వచ్చేది మనాది. ‘మనోవ్యాధి’ నోళ్లలో నాని నాని అలా అయింది. ‘రంది పెట్టుకోకు’ అని ఎవరికైనా చెప్పొచ్చు. మనాది పట్టినవాళ్లకు ఆ మాట చెప్పి లాభం లేదని ఊరికి తెలుసు. డాక్టరు పుస్తకంలో ఉన్న లెక్క కూడా దీనికి దూరమేమీ కాదు. మనసు కుంగడం, దేనిమీదా ఆశ లేకపోవడం, నిద్ర, ఆకలి, శక్తి తగ్గడం, తనను తాను తప్పుపట్టుకోవడం, చావు తలపులు: వీటిలో కొన్ని కలిసి రెండు వారాలకు తగ్గకుండా ఉంటే దాన్ని జబ్బుగా చూస్తారు.

ఎంతమందికి ఉంది? బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 20 మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌లో పడ్డవారే. ఇలాంటి మామూలు మానసిక జబ్బులున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా ఏ వైద్యమూ అందలేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. మన గురించి చెప్పే అంకెలు చాలావరకు పక్కవాళ్ల కొలతతో మనకు కుట్టిన అంగీలు.

ఐపీటీ పుట్టుక కొంచెం చిత్రంగా ఉంటుంది. 1969లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ క్లెర్మన్ అనే మానసిక వైద్యుడు ఒక మందును పరీక్షించాలనుకున్నాడు. దిగులు తగ్గినవాళ్లకు అమిట్రిప్టిలిన్ మాత్ర ఇస్తూ పోతే జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందా అన్నది ప్రశ్న. బయట డాక్టర్లు మాత్ర రాసివ్వడంతో ఆగరు, కాసేపు మాట్లాడతారు కూడా. అందుకని ఆ మాటనూ పరీక్షలో కలిపారు. మంచి డాక్టరు దిగులుతో వచ్చిన మనిషితో ఏం మాట్లాడతాడో గమనించి, దాన్నొక క్రమంలో రాసిపెట్టారు. ఆ పనిలో అప్పట్లో సోషల్ వర్కర్‌గా ఉన్న మిర్నా వైస్‌మన్ చేరారు. మొదట దానికి సరైన పేరు కూడా లేదు. ‘ఎక్కువసార్లు కలవడం’ అన్న అర్థంలో పిలిచేవారు. 1974లో వచ్చిన ఫలితం ఏమిటంటే, జబ్బు తిరగబెట్టకుండా ఆపింది మాత్ర. మాట మాత్రం మనిషి ఇంట్లోనూ బయటా మెలిగే తీరును బాగుచేసింది, అదీ వెంటనే కాదు, ఆరేడు నెలలు గడిచాక కనబడింది. 1984లో క్లెర్మన్, వైస్‌మన్, మరో ఇద్దరు కలిసి ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. సిద్ధాంతం ముందు పుట్టి దానికి వైద్యాన్ని అల్లలేదు, పనికొచ్చిన మాటను వెతికి రాసుకున్నారు. పల్లెకు తేవాలనుకునేవాళ్లకు ఇది మంచి శకునం అనుకుంటాను.

వెనక ఆలోచనలు లేవని కాదు. జబ్బు మనుషుల నడుమే పుడుతుందని వాదించిన హ్యారీ స్టాక్ సలివన్, తల్లీబిడ్డల అనుబంధం మీద రాసిన జాన్ బౌల్బీ ఉన్నారు. 1978లో లండన్‌లో జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ అచ్చువేసిన పరిశోధన ఇంకా సూటిగా ఉంటుంది. కష్టం వచ్చిన ఆడవాళ్లందరూ కుంగిపోరు. ఎవరు కుంగిపోతారని వాళ్లు చూశారు. పదకొండేళ్లలోపే తల్లిని పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది చిన్నపిల్లలున్నవాళ్లు, బయట పని లేనివాళ్లు, అన్నిటికీ మించి మనసు విప్పి చెప్పుకునే మనిషి లేనివాళ్లు. ఆ నాలుగోది వినగానే నడిగడ్డ ఆడవాళ్లు ‘అంతే కదా’ అంటారు. ఆ మాటకోసం ఎవరూ లండన్ పోనక్కరలేదు.

ఇక పద్ధతి. వారానికోసారి, గంటసేపు, మొత్తం పన్నెండు నుంచి పదహారు వారాలు. మొదటి రెండు మూడు కలయికల్లో జబ్బుకు పేరు పెట్టడం, ‘ఇది జబ్బు, నీ చేతగానితనం కాదు’ అని చెప్పడం, ఆ తర్వాత మనుషుల లెక్క తీయడం జరుగుతాయి. నడుమ వారాల్లో నాలుగింటిలో ఒక సమస్యను పట్టుకుంటారు: చావు, తగవు, బతుకులో మార్పు, ఒంటరితనం. చివరి వారాల్లో విడిపోవడం గురించి మాట్లాడతారు, ఎందుకంటే అదీ ఒక ఎడబాటే. ఫ్రాయిడ్ వారసులలాగా బాల్యంలోకి తవ్వుకుంటూ పోరు. ఆరన్ బెక్ చెప్పిన పద్ధతిలోలాగా ‘నీ ఆలోచన తప్పు, సరిదిద్దుకో’ అని ఇంటిపని ఇవ్వరు. ఇప్పుడు, ఈ ఇంట్లో, ఈ మనుషులతో ఏం జరుగుతోంది అనే అడుగుతారు.

ఒక మనిషిని ఊహించుకుందాం. ఇక్కడ వినవచ్చే పది సంగతులు కలిపి నేను అల్లిన మనిషి. నలభై దాటిన ఆడమనిషి. రెండెకరాల్లో విత్తన పత్తి. గద్వాల చుట్టుపక్కల ఈ సాగు ఎలా నడుస్తుందో తెలియనివాళ్లకోసం రెండు ముక్కలు: సాయంత్రం ఆడమొక్క మొగ్గల్లో పుప్పొడి కాడలు గిల్లేస్తారు, పొద్దున మగమొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక్కొక్క పువ్వుకూ చేతితోనే. దీన్నే క్రాసింగ్ అంటారు. పెట్టుబడి కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే ఆర్గనైజర్ ఇస్తాడు, వడ్డీ లెక్క అతని దగ్గరే ఉంటుంది. గింజలు కంపెనీకి చేరాక జీవోటీ అనే పరీక్ష ఉంటుంది. అందులో కల్తీ తేలితే ‘ఫెయిల్’. ఆ లాటుకు అనుకున్న ధర రాదు.

ఆమె లాటు ఫెయిలయింది. మూడు నెలలకు దవాఖానకు వచ్చింది. రంది అని రాలేదు. తల నొస్తుంది, ఒళ్లు గుంజుతుంది, తెల్లారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడదు అని వచ్చింది. సాధారణంగా ఇక్కడ కథ గ్యాస్ గోళీ, బలం గోళీ, ఒక సూదితో ముగుస్తుంది. ముగియలేదనుకుందాం. ఎవరో ఒక ఆరోగ్య కార్యకర్త పక్కన కూర్చొని తొమ్మిది ప్రశ్నల కాగితం, అంటే పీహెచ్‌క్యూ–9, చదివి వినిపించింది. తర్వాత వారం నుంచి అసలు పని మొదలైంది.

‘నీ మనుషులెవరక్కా? ఒక్కొక్కరి గురించి చెప్పు’ అని అడుగుతుంది కార్యకర్త. ఎవరితో రోజూ మాట్లాడతావు, ఎవరి నుంచి ఏం కోరుకుంటావు, వాళ్లు నీ నుంచి ఏం కోరుకుంటారు, మునుపు ఎట్లుండె, ఇప్పుడెట్లుంది? ఆమె ఏడుగురి పేర్లు చెబుతుంది. ఆ ఏడుగురిలో అక్క ఒకతే మనసు తెలిసినది. ఆ అక్క రెండేళ్ల కింద కుటుంబంతో హైదరాబాద్ బిల్డింగ్ పనికి పోయింది. భర్త పేరు చివరికి వస్తుంది. నిద్ర ఎప్పుడు పోయిందో చెప్పమంటే, డబ్బు రాలేదని తెలిసిన రోజు కాదు, అప్పు లెక్క కట్టిన రోజూ కాదు. ఆర్గనైజర్ ఇంటి ముందు పదిమందిలో భర్త ఒక మాట అన్న రాత్రి. ‘ఆడోళ్లు క్రాసింగ్ సక్కగ చెయ్యక ఫెయిలైంది’ అన్నాడు. అప్పు పదేళ్లుగా ఉన్నదే. మనాది ఆ వాక్యంతో మొదలైంది.

ఐపీటీ నాకు నచ్చేది ఇక్కడే. జబ్బు తేదీని మనుషుల తేదీలతో కలిపి చూస్తుంది. తగవు ఏ దశలో ఉందో చూడమంటుంది: ఇంకా మాటలు నడుస్తున్నాయా, ఇద్దరూ పంతం పట్టి మూసుకున్నారా, తెగిపోయిందా? ఇక్కడ పంతం దశ. ఆ రోజు ఆయన ఏమన్నాడు, నువ్వేమన్నావు, ఆ తర్వాత? ‘నేను ఊకున్న.’ ఊరుకున్నప్పుడు ఆయనకు ఏమని అర్థమై ఉంటుంది? తప్పు ఒప్పుకున్నట్టు. అలా అర్థమై ఉంటుందని ఆమెకు మూడు నెలల్లో ఒక్కసారీ తోచలేదు. అక్కణ్నుంచి దారులు వెతుకుతారు. ఎదురుగా కూర్చొని అడగడం కొన్ని ఇళ్లలో అయ్యే పని కాదు. ఆడబిడ్డ చేత అనిపించవచ్చా? ఫోన్లో అక్కతో వారానికి రెండుసార్లు మాట్లాడే ఏర్పాటు చేసుకోవచ్చా? చెప్పాలనుకున్న మాటను ముందు ఈ గదిలో కార్యకర్తతో చెప్పి చూడవచ్చా? పన్నెండు వారాల తర్వాత అప్పు అంతే ఉంటుంది. నిద్ర వస్తుంది, పొద్దున లేవగలుగుతుంది, ఆర్గనైజర్‌తో లెక్క అడిగేందుకు నోరు లేస్తుంది. వైద్యం మాట ఇచ్చేది అంతవరకే.

ఒక చిన్న పేచీ. ‘నువ్వు రోగివి, కొన్నాళ్లు కొన్ని పనుల నుంచి నీకు సెలవు’ అని మొదట్లోనే చెప్పమంటుంది ఐపీటీ పుస్తకం. మన ఇళ్లలో ఆడమనిషి సెలవు తీసుకుంటే పొయ్యి ఎవరు ముట్టిస్తారు? ఈ ఒక్క పేజీని అయిజలో తిరిగి రాయాల్సి ఉంటుంది.

బతుకులో మార్పు అన్న పద్దు కింద ఇక్కడ రాయాల్సినది చాలా ఉంది. దసరా దాటాక గుంపు మేస్త్రీ వెంట పోయి ఉగాదికి తిరిగొచ్చే కుటుంబాలు, మగ్గం దిగి వాచ్‌మన్ అయిన నేతగాడు, 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఒడ్డు రాజోలిలో ఇల్లు పోగొట్టుకొని వేరేచోట మొదటినుంచి మొదలుపెట్టినవాళ్లు. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) కాలువ కింద కాగితం మీద 87,500 ఎకరాల ఆయకట్టు ఉన్నా చివరి భూములకు నీళ్లు రాక రైతు నుంచి కూలీగా మారినవాళ్లు. కొత్త తల్లుల సంగతి కూడా ఇందులోదే. గోవాలో 2002లో వచ్చిన అధ్యయనంలో ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు నూటికి 23 మంది దిగులుతో ఉన్నారని, ఆడపిల్ల పుట్టడం, భర్త కొట్టడం, పేదరికం ఆ ముప్పును పెంచాయని తేలింది.

చావు దగ్గర కొంచెం ఆగాలి. మనకు దుఃఖానికి పద్ధతులున్నాయి. దినాలున్నాయి, పరామర్శ ఉంది, రాగం తీసి ఏడవడం ఉంది. వాటిని చూసి ‘మన దగ్గర దుఃఖానికి వైద్యం ఎందుకు’ అనేవాళ్లున్నారు. మామూలు చావుకు వాళ్ల మాట నిజమే. అప్పుతో పురుగుల మందు తాగిన రైతు ఇంట్లో మాత్రం దినాలు ముగిశాక ఇంకో తంతు మొదలవుతుంది. 2004లో వచ్చిన జీవో 421 ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి కలిసి విచారణ చేస్తారు. అప్పట్లో పరిహారం లక్షన్నర, తెలంగాణలో 2015లో ఆరు లక్షలు చేశారు. అది అందాలంటే ఇతను రైతేనని, అప్పు సేద్యానికే చేశాడని, చావు అందుకేనని భార్య రుజువు చూపాలి. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా పట్టా ఉన్న 18–59 ఏళ్ల రైతు ఎలా చనిపోయినా ఐదు లక్షలు ఇస్తుంది. అది చాలామందికి ఈ తిప్పలు తప్పించింది, కౌలు రైతు ఇంటికి తప్పించలేదు. అలాంటి ఇంట్లో భార్య ఆ రాత్రి జరిగినదాన్ని తహసీల్దారు కార్యాలయంలో చెప్పింది, పోలీసులకు చెప్పింది, విలేఖరికి చెప్పింది. ప్రతిసారీ ఒక రుజువుగా చెప్పింది. అతని మీద ఆమెకున్న కోపం ఆ వాఙ్మూలాల్లో ఎక్కడా పట్టదు. నన్ను ఇట్ల ఇడిసి పోతివి కదా అనే మాటకు ఏ ఫారంలోనూ గడి లేదు. ఐపీటీలో చావు గురించి మాట్లాడేటప్పుడు పోయినవాడి మంచినీ చెడునూ రెంటినీ పలికించమంటారు. పోయినవాళ్లను చెడు అనకూడదనే మన ఆచారానికి అది కొంచెం ఎదురు.

ఇదే చిక్కు ఉగాండాలో వచ్చింది. మనకు పనికొచ్చే కథ అమెరికాది కాదు, ఆ దేశానిది. దక్షిణ ఉగాండాలో రాకాయి, మసాకా జిల్లాలు ఎయిడ్స్‌తో చితికిపోయినవి. అక్కడ పాల్ బోల్టన్, లీనా వెర్దెలి, వైస్‌మన్ తదితరులు ముందు ఊళ్లవాళ్లనే అడిగారు: మీ దగ్గర ఈ బాధను ఏమంటారు? రెండు మాటలు దొరికాయి, యొక్వెక్యావా, ఒక్వెకుబజిదా. ఒకటి తనను తాను అసహ్యించుకోవడం, ఇంకొకటి తనమీద తను జాలిపడటం. మన మనాది, రంది లాంటి జంట అన్నమాట, అర్థాలు వేరైనా. మాత్రలు కొనే స్తోమత లేదు, ఒక్కొక్కరితో కూర్చునే మనుషులు లేరు. అందుకని గుంపుగా, ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. నడిపినవాళ్లు డాక్టర్లు కారు, రెండు వారాల శిక్షణ పొందిన స్థానికులు. 30 ఊళ్లు, 16 వారాలు, వారానికి గంటన్నర. పోయినవాళ్ల చెడు పలకనివ్వని ఆచారానికి తగ్గట్టు ప్రశ్నల తీరు మార్చుకున్నారు. భార్య భర్తకు ఎదురు చెప్పలేని చోట ఆమె కోపం వంటలో కనబడుతుందని తెలుసుకొని, నేరుగా అనని మాటకు కూడా విలువ కట్టారు. ఒంటరితనం అనే పద్దును తీసేశారు, ఊళ్లో ఒంటరి ఎవరని. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదట్లో ఈ గుంపుల్లో నూటికి 86 మందికి డిప్రెషన్ ఉంటే చివరికి 6.5 మందికే మిగిలింది. వైద్యం ఇవ్వని ఊళ్లలో 94 నుంచి 55 దగ్గరకు తగ్గింది. ఆ రెండో వరస అంకెలు కూడా చదవాలి. ఏమీ చేయకపోయినా నూటికి దాదాపు నలభై మంది తేరుకున్నారు.

ఈ ఫలితం చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిది వారాల గుంపు ఐపీటీ పుస్తకాన్ని ఉచితంగా పెట్టింది. అయితే ఆ తొలి మెరుపు తర్వాత ప్రతిసారీ రాలేదు. ఉత్తర ఉగాండా శిబిరాల్లో 2007లో చేసినప్పుడు అమ్మాయిలకు మేలు జరిగింది, అబ్బాయిలకు స్పష్టంగా జరగలేదు. కౌమార బాలికలమీద తర్వాత జరిగిన పెద్ద పరీక్షలో వచ్చిన మేలు చిన్నది. కొత్త మందులకూ ఇదే జరుగుతుంది. మొదటి పంట ఎప్పుడూ బాగా పండుతుంది.

సంపన్న దేశాల సాక్ష్యాన్ని త్వరగా చెప్పి ముగిస్తాను. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ 250 మందిని నాలుగు జట్లు చేసి 16 వారాలు చూసింది. 1989 నివేదిక ప్రకారం జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్ర ముందుంది, దాని వెనకే ఐపీటీ. తేలికగా ఉన్నవాళ్లకు ఏ వైద్యమైనా పెద్ద తేడా లేదు. 2016లో పిమ్ కైపర్స్ బృందం 90 పరీక్షలు, పదకొండు వేలకు పైగా మనుషుల లెక్క కలిపింది. ఐపీటీ పనిచేస్తుంది, ఓ మోస్తరు కంటే కొంచెం ఎక్కువగానే. అయితే వేరే మాటల వైద్యాల కంటే మిన్న అని గానీ తక్కువ అని గానీ తేలలేదు. పద్ధతుల మధ్య పందెం పెట్టేవాళ్లకు ఇది నిరాశ. నాకు మాత్రం దీన్లో వేరే అర్థం కనిపిస్తుంది. ఏ పుస్తకం పట్టుకున్నా ఫరవాలేదంటే, చూడాల్సినది పుస్తకాన్ని పట్టుకునే మనిషిని.

భారతదేశంలో ఆ మనిషి ఎవరు కావచ్చో గోవాలో విక్రమ్ పటేల్ బృందం చూపింది. మానస్ అనే ఆ పరీక్షలో 12 సర్కారు, 12 ప్రైవేటు క్లినిక్‌లు, 2,796 మంది. రెండు నెలల శిక్షణ పొందిన మామూలు మనుషులు సలహాదారులు. అవసరమైనవాళ్లకు మాత్ర, ఐపీటీ మెట్టు మెట్టుగా. 2010 ఫలితంలో సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నెలలకు తేరుకున్నవాళ్లు నూటికి 66 మంది, మామూలు వైద్యం దొరికిన చోట 42 మంది. ప్రైవేటులో తేడా లేదు, అక్కడి డాక్టర్లు ముందునుంచే ఎక్కువ సమయం ఇస్తారని ఒక వివరణ. ఇందులో ఐపీటీ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. అదే బృందం తర్వాత ఐపీటీని పక్కన పెట్టి, ‘మనసు బాగా లేకపోయినా చిన్న చిన్న పనులు మొదలుపెట్టు’ అనే ఇంకా సులువైన పద్ధతి ఎంచుకుంది. ఆరు నుంచి ఎనిమిది కలయికలు. 2017 ఫలితంలో మూడు నెలలకు నూటికి 64 మంది తేరుకున్నారు, మామూలు వైద్యం దొరికిన వైపు 39. కూలి పని మానడానికి వీలే లేని చోట ‘పని మొదలుపెట్టు’ అనే మందు ఎలా పనిచేస్తుందని నాకొక అనుమానం ఉంది. మనవాళ్లకు పని ఆగదు, మాట ఆగిపోతుంది.

పత్తి రైతుల చావులతో పేరుపడ్డ విదర్భలోని అమరావతి జిల్లాలో విశ్రామ్ అనే కార్యక్రమం 30 ఊళ్లలో నడిచింది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సాయం అందుకున్నవాళ్లు నూటికి 4 నుంచి 27 అయ్యారు. మన పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకొని ఇంటింటికీ తిరిగి అడిగారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దాన్ని చూసి వైద్యం చేశాడు. సాయం కోరినవాళ్లు నూటికి ఒకరికన్నా తక్కువ నుంచి దాదాపు 13కు పెరిగారు. తుంగభద్ర అవతలి బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వాళ్లు 1980లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు నేర్పి చూపిన పద్ధతే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశానికి వచ్చింది. తొలి నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. బళ్లారి పద్ధతిలో బరువంతా మాత్రల మీద, తీవ్రమైన పిచ్చి, మూర్ఛ మీద పడింది. మాటకు అందులో చోటు చాలలేదు. అందుకే ముప్పై ఏళ్ల తర్వాత కూడా మనసు బాగాలేదని ఎవరన్నా అంటే హైదరాబాద్ పిచ్చాసుపత్రిని తలచి ‘ఎర్రగడ్డకు తోలుకపోవాల్నా’ అని వెటకారం వస్తుంది.

ఐపీటీ తెస్తే ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెప్పాలి. మొదటిది పంచాయితీ. మాటలతో తగవు తీర్చడం మనకు కొత్త కాదు. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇరువైపులా వింటారు, తీర్పు చెబుతారు, తప్పు కడతారు. ఐపీటీలో తీర్పు లేదు. ఆ తేడా బాగా తెలియని కార్యకర్త చేతిలో పడితే మూడో వారానికల్లా ‘సర్దుకపో వదినె, మొగోడు అట్లనే అంటడు’ దగ్గరికి చేరుతుంది. భర్త కొడుతున్న ఇంట్లో దాన్ని ‘ఇద్దరి తగవు’ పద్దులో రాయడం అన్యాయం. అక్కడ ముందు కావలసింది రక్షణ.

రెండోది, గుంపు ఎక్కడ? అందరికీ తట్టేది పొదుపు సంఘం. పదిమంది ఆడవాళ్లు ఇప్పటికే కలుస్తున్నారు కదా అని. నేను ఒప్పుకోను. ఎవరి ముందు కిస్తీ కట్టలేక తల వంచుకున్నదో వాళ్ల ముందే మనాది విప్పమనడం ఎట్లా? 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులతో ఉమ్మడి రాష్ట్రంలో చావులు జరిగి ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చినప్పుడు బయటపడ్డది ఇదే. ఒకరి అప్పుకు పదిమంది పూచీ ఉన్న గుంపులో తోటివాళ్ల చూపే వసూలు సాధనం. వైద్యపు గుంపు వేరుగా కట్టాలి, వీలైతే వేరే వాడలవాళ్లతో. కులం సంగతి దీన్లోనే ఉంది, విడిగా చెప్పక్కర్లేదు.

మగవాళ్ల గురించి పరిశోధన కూడా తడబడుతుంది. ఇక్కడ మగవాడి రందికి తెలిసిన చోటు కల్లు కాంపౌండు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి నిద్రమందులు కలపడం మామూలై, 2015లో దాడులు పెరిగి కల్తీ సరుకు ఆగినప్పుడు వందలమంది వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ దవాఖానల్లో పడ్డారు. తెలియకుండానే ఊళ్లకు ఊళ్లు మత్తుమాత్రల మీద బతుకుతున్నాయని అప్పుడు తెలిసింది. అలాంటి మనిషికి ముందు అలవాటు మాన్పించాలి, మాట తర్వాత.

జబ్బు ముదిరి తిండి మానేసినవాళ్లకు, చెవిలో మాటలు వినబడేవాళ్లకు, ఒకప్పుడు అతిగా పొంగిపోయి ఇప్పుడు కుంగినవాళ్లకు మాట ఒక్కటే చాలదు, డాక్టరు, మాత్ర కావాలి. చావు తలపు ఉన్న ఇంట్లో ముందు పురుగుల మందు డబ్బా బయటికి పోవాలి. శ్రీలంక బాగా విషమైన మందులను ఒక్కొక్కటే నిషేధించాక ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు మూడింట రెండొంతులకు పైగా పడిపోయింది. ఏ థెరపీ దాని దరిదాపుకు రాలేదు. ఆ రాత్రికి రాత్రే ఎవరితోనైనా మాట్లాడాలంటే 2022 అక్టోబరులో వచ్చిన టెలీ మానస్ 14416కు తెలుగులో ఫోన్ చేయవచ్చు. అప్పు, పట్టా, బీమా పనులకు ఆ ఫోన్ సరిపోదు. వికారాబాద్‌లో 2017లో మొదలైన కిసాన్ మిత్ర లాంటి హెల్ప్‌లైన్ పనికొస్తుంది. బాధను వినడంతో ఆగక దరఖాస్తు ఏ టేబుల్ మీద ఆగిందో వెతకడం దాని తీరు. నా లెక్కలో అది కూడా మాటల వైద్యంలో సగం.

మరి నడిగడ్డలో ఎవరున్నారు? వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. వాటితో పాటు మానసిక వైద్య విభాగాలు రావాలి. ఇన్నాళ్లు కర్నూలుకో రాయచూరుకో బస్సెక్కినవాళ్లకు అది దగ్గరే. అక్కడ కూర్చునే డాక్టరు పదహారు వారాలు ఒక మనిషితో గంటసేపు మాట్లాడలేడు. అతను నేర్పగలడు, కష్టమైన కేసులు చూడగలడు. మాట్లాడాల్సినది ఆశా కార్యకర్తో పల్లె దవాఖాన నర్సో. వాళ్ల నెత్తిన ఇప్పటికే ఉన్న రిజిస్టర్లు తీయకుండా ఇదొకటి కలిపితే మూడో నెలకు అది కూడా ఒక రిజిస్టరే అవుతుంది. దీనికి విడిగా జీతం, నెలకోసారి తప్పు దిద్దే మనిషి కావాలి. గోవాలోనూ ఉగాండాలోనూ ఆ దిద్దే మనుషులున్నారు. అచ్చులో అంకెలే కనబడతాయి, వాళ్లు కనబడరు.

కాలం కూడా చూసుకోవాలి. క్రాసింగ్ నెలల్లో పొద్దున పువ్వు రుద్దడం, సాయంత్రం మొగ్గ గిల్లడం. మధ్యాహ్నం సద్ది తిన్న తర్వాతి గంటన్నరే దొరుకుతుంది. దీపావళి దాటితే సగం మంది ఊళ్లో ఉండరు. ఎనిమిది వారాల గుంపు కట్టాలంటే ఉగాది తర్వాత, వానలకు ముందు. చోటు గుడి అరుగు కాకూడదు, సంఘం ఆఫీసు అసలే కాకూడదు. నాకు తోచినది పల్లె దవాఖానలో వెనక గది. లోపలికి ఎందుకు పోయావని దారిలో ఎవరన్నా అడిగితే, బీపీ చూపించుకోను పోయిన అంటే సరిపోతుంది.